ఎనిమిది గంటల షిఫ్టుకు పదిహేను నిమిషాల పూచీ

పెద్దపల్లి జిల్లాలో భారీ యంత్రాలతో ఏ సంబంధమూ లేని కుటుంబాలు తక్కువ. గోదావరిఖని, సెంటినరీ కాలనీ చుట్టూ సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో డంపర్లు, షవల్‌లు, డోజర్లు మూడు షిఫ్టులూ తిరుగుతాయి. రామగుండం ఎన్టీపీసీలో, బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో క్రేన్లు, లోడర్లు పనిచేస్తాయి. సుందిళ్ల బ్యారేజీ, నంది మేడారం పంపుహౌసు కట్టిన రోజుల్లో ఎక్స్‌కవేటర్లు, టిప్పర్లు బారులు తీరాయి. ఊళ్లో చెలక చదును చేయాలన్నా, ఇంటి పునాది తవ్వాలన్నా జేసీబీయే వస్తుంది. వీటిని నడిపేది పొద్దుగాల టిఫిన్ డబ్బా పట్టుకుని మన ఇళ్ల నుంచి బయల్దేరేవాళ్లే.

వాళ్లు క్షేమంగా తిరిగి రావడం చాలావరకు ఒక చిన్న పని మీద ఆధారపడి ఉంటుంది. యంత్రం స్టార్టు చేయకముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, కింద నుంచి పైదాకా చూసి, ‘నడపొచ్చు’ అనో ‘నడపొద్దు’ అనో తేల్చడమే ఆ పని. పద్ధతిగా చేస్తే దీనికి సుమారు 15 నిమిషాలు పడుతుంది. ఈ 15 నిమిషాల మీద అందరికీ వచ్చే సందేహాలను ఒక్కొక్కటిగా, లెక్కలతో చూద్దాం.

అంత పెద్ద యంత్రంలో చూడాల్సింది ఎక్కడ మొదలవుతుంది?

నేల మీద మొదలవుతుంది. బండి రాత్రంతా నిలబడిన చోట నూనె మరకలు, నీటి మడుగు ఉన్నాయేమో ముందు చూడాలి. తరవాత ఒకే దిక్కున చుట్టూ తిరుగుతూ టైర్లు, చక్రాల నట్లు, సస్పెన్షన్, గొట్టాలు, మెట్లు, అద్దాలు, లైట్లు చూడాలి. ఆపైన ఇంజన్ ఆయిల్, కూలెంటు, హైడ్రాలిక్ ఆయిల్ మట్టాలు. చివరగా క్యాబిన్‌లోకి ఎక్కి సీటు బెల్టు, హారన్, రివర్స్ అలారం, స్టీరింగ్, బ్రేకు పరీక్షించాలి. రోజూ అదే వరస పాటిస్తే ఏదీ మరిచిపోయే వీలుండదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండు చేతులు, రెండు కాళ్లలో ఏవైనా మూడు ఎప్పుడూ నిచ్చెనను ఆనుకుని ఉండాలి. డంపర్ క్యాబిన్ మిద్దె ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి జారిపడినా ప్రమాదమే.

కారును రోజూ ఇలా చూడం కదా, డంపర్‌కే ఎందుకు?

బరువు వల్ల. ఓపెన్‌కాస్టు గనుల్లో తిరిగే 100 టన్నుల తరగతి డంపర్‌నే తీసుకోండి. దాని మోత సుమారు 91 టన్నులు. ఖాళీ బండే 70 టన్నుల దాకా ఉంటుంది. నిండితే మొత్తం 160 టన్నులు. ప్రయాణికులతో కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులు పదింటి బరువు ఇది. టైరు ఎత్తు సుమారు 9 అడుగులు, అంటే మన ఇంటి గుమ్మం కన్నా రెండడుగులు ఎక్కువ. అలాంటి టైర్లు ముందు రెండు, వెనక నాలుగు.

ఈ బరువు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు సెకనుకు 8 మీటర్లకు పైగా దాటుతుంది. ఎదురుగా ఏదో ఉందని గుర్తించి, కాలు బ్రేకు మీదికి చేరడానికి సెకనున్నర పట్టిందనుకోండి. బ్రేకు పనిచేయడం మొదలుపెట్టేలోపే బండి 12 మీటర్లు, అంటే 40 అడుగులు ముందుకు పోయి ఉంటుంది. ఆపై బ్రేకు కూడా మందంగా పట్టిందంటే, ఆపరేటర్ ఎంత నేర్పరి అయినా చేయగలిగింది తక్కువ. కారులో సరిదిద్దుకోగలిగిన లోపం డంపర్‌లో సరిదిద్దుకోలేనిది అవుతుంది. అందుకే లోపాన్ని బండి కదలకముందే పట్టుకోవాలి.

అన్నిటిలోకీ బ్రేకుకే అంత పట్టింపు ఎందుకు?

గని పనిలో బ్రేకు పడే శ్రమ మనం ఊహించేదానికన్నా ఎక్కువ కాబట్టి. క్వారీ అడుగు నుంచి పైకి వచ్చే దారిని హాల్ రోడ్డు అంటారు. 16 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎక్కే వాలు లెక్కకు తీసుకుందాం. గని 100 మీటర్ల లోతుంటే దారి పొడవు 1,600 మీటర్లు అవుతుంది. డంపర్ సాధారణంగా లోడుతో పైకి ఎక్కి, ఖాళీగా కిందికి దిగుతుంది. 30 కిలోమీటర్ల వేగంతో దిగడానికి మూడు నిమిషాల పైచిలుకు పడుతుంది.

ఆ మూడు నిమిషాల్లో 70 టన్నుల ఖాళీ బండి 100 మీటర్లు దిగడం వల్ల విడుదలయ్యే శక్తి సుమారు 19 యూనిట్ల కరెంటుతో సమానం. నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి అది దాదాపు ఆరు రోజులు సరిపోతుంది. అందులో మూడో వంతు టైర్ల రాపిడికి పోయిందనుకున్నా, 12 యూనిట్లకు పైగా శక్తిని ఇంజన్, రిటార్డర్, బ్రేకులు వేడిగా మార్చి వదిలించుకోవాలి. రిటార్డర్ అంటే పల్లంలో బండిని పూర్తిగా ఆపకుండా, వేగాన్ని పట్టి ఉంచే ఏర్పాటు. 12 యూనిట్ల వేడితో 25 లీటర్ల గీజర్లు ఐదింటిలోని నీళ్లు మరిగిపోతాయి. ఒక్క దిగుడులోనే ఇంత వేడి. షిఫ్టు పొడవునా ఇదే మళ్లీ మళ్లీ జరుగుతుంది. బ్రేకును చల్లబరిచే నూనె తగ్గితే ఆ వేడి పోయే దారి మూసుకుపోతుంది, గాలి పీడనం నిలవకపోతే బ్రేకే సరిగా పట్టదు.

కాబట్టి బయల్దేరేముందు రెండు పరీక్షలు తప్పనిసరి. మొదటిది, చదును నేల మీద, ముందూ వెనకా ఎవరూ లేరని చూసుకుని, పార్కింగ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, తయారీ సంస్థ పుస్తకంలో చెప్పినంత మేర ఇంజన్ వేగం పెంచాలి. బండి కదలకూడదు. రెండోది, నెమ్మదిగా కదిలించి సర్వీసు బ్రేకు తొక్కాలి. బండి పక్కకు లాగకుండా, సూటిగా ఆగాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా బండి పార్కింగ్ యార్డు దాటొద్దు.

చుక్క చుక్క నూనె కారితే అంత కొంప మునుగుతుందా?

ముందు పరిమాణం చూద్దాం. సెకనుకు ఒక్క చుక్క కారుతోందనుకోండి. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు లెక్కన గంటకు 180 మిల్లీలీటర్లు, ఎనిమిది గంటల షిఫ్టులో దాదాపు లీటరున్నర పోతుంది. మూడు షిఫ్టులూ ఎవరూ పట్టించుకోకపోతే రోజుకు నాలుగు లీటర్లకు పైనే. పోయిన నూనె ఖరీదు కన్నా, అది ఎక్కడ పడుతోందన్నది ముఖ్యం. ఇంజన్ పక్కన టర్బోఛార్జరు, పొగగొట్టం వందల డిగ్రీల వేడి మీద ఉంటాయి. వాటి మీద నూనె చిమ్మితే మంట లేస్తుంది. పెద్ద యంత్రాల్లో మంటను తానే పసిగట్టి ఆర్పే ఏర్పాటు ఉంటుంది. దాని సిలిండరు ముల్లు ఆకుపచ్చ గీతలోనే ఉందా, మీట మీది సీలు తెగిందా అన్నది కూడా ఈ 15 నిమిషాల్లోనే చూడాలి.

ఇక పీడనం సంగతి. ఎక్స్‌కవేటర్ చేతిని కదిలించే హైడ్రాలిక్ గొట్టాల్లో నూనె పీడనం 350 బార్ దాకా ఉంటుంది. హైడ్రాలిక్ అంటే నూనెను బలంగా నెట్టి ఆ ఒత్తిడితో బరువులు కదిలించే పద్ధతి. మన ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేటప్పటి పీడనానికి ఇది దాదాపు 350 రెట్లు. బొటనవేలి గోరంత చోటు మీద 350 కిలోల బరువు మోపినట్టు. సూదిమొనంత రంధ్రం నుంచి ఈ నూనె కంటికి కనిపించనంత సన్నగా చిమ్మి చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి చిన్న గాటులా కనబడుతుంది, నొప్పి కూడా మొదట తక్కువే. ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. కాబట్టి లీకు కోసం గొట్టాన్ని చేత్తో తడమొద్దు. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. నూనె చర్మంలోకి పోయిందన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోయి, జరిగింది జరిగినట్టు డాక్టరుకు చెప్పాలి.

టైరును కాలితో తన్ని చూస్తే చాలదా?

చాలదు. తొమ్మిదడుగుల టైరు గాలి తగ్గినా, నిండుగా ఉన్నా తన్నితే ఒకేలా ఉంటుంది. గేజితో కొలవాలి. అదీ బండి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, తిరిగిన టైరులో వేడికి పీడనం పెరిగి తగ్గుదలను దాచేస్తుంది. రామగుండం ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గాలి తక్కువైన టైరు ఆ ఎండలో, ఆ బరువు కింద మరింత నలిగి, మరింత వేడెక్కి పగిలిపోతుంది. వెనక జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో, పక్క గోడలకు కోతలు పడ్డాయేమో, నట్ల చుట్టూ తుప్పు చారలు కారాయేమో చూడాలి. తుప్పు చార ఉందంటే ఆ నట్టు వదులై కదులుతోందని అర్థం. వేడెక్కి పొగ వస్తున్న టైరు దగ్గరికి మాత్రం ఎవరూ పోవద్దు, దూరం జరిగి కబురు చేయాలి.

అంత ఎత్తున కూర్చున్న ఆపరేటర్‌కు అన్నీ కనబడతాయి కదా?

దూరంలో ఉన్నవి కనబడతాయి. దగ్గరివి కనబడవు. డంపర్ క్యాబిన్ ఎడమ పక్కన ఉంటుంది. ఆపరేటర్ కళ్లు నేలకు 5 మీటర్ల ఎత్తున ఉన్నాయనుకుందాం. కుడివైపు డెక్కు అంచు అతనికి 4 మీటర్ల దూరంలో, మూడున్నర మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. ఆ అంచు మీదుగా చూపు గీత గీస్తే, బండికి కుడివైపున 9 మీటర్ల దాకా నేల కనిపించదు. ఐదడుగుల మూడంగుళాల మనిషి నిటారుగా నిలబడ్డా, బండికి 5 మీటర్ల లోపల ఉంటే కనిపించడు. ఒక పెద్ద గది పట్టేంత చోటు అది. అక్కడ జీపు ఆగినా, మనిషి వంగి బూటు లేసు కట్టుకుంటున్నా ఆపరేటర్‌కు తెలియదు.

అందుకే అద్దాలకు పట్టిన దుమ్ము తుడవడం, కెమెరా, రివర్స్ అలారం పనిచేస్తున్నాయో లేదో చూడడం చిన్న పనులు కావు. స్టార్టు చేసేముందు హారన్ కొట్టి, కాసేపు ఆగి కదలడం కూడా ఇందుకే. చుట్టూ తిరిగి చూసి వచ్చాక క్యాబిన్‌లో ఫోను మాట్లాడుతూ ఐదు నిమిషాలు కూర్చుంటే ఆ చూపు పాతబడిపోతుంది. మళ్లీ చూసుకున్నాకే కదలాలి.

ఏటా ఇంజనీర్లు పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు కదా, రోజూ ఎందుకు?

రెండూ కావాలి, ఎందుకంటే రెండూ చూసేవి వేరు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను ప్రకారం బరువులెత్తే యంత్రాలను కనీసం 12 నెలలకోసారి అర్హుడైన వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించాల్సి ఉండేది. లోపలి పగుళ్లు, అరుగుదల, సామర్థ్యం తేల్చే పరీక్ష అది. కానీ ఏడాదిలో 365 రోజులు, మూడు షిఫ్టుల లెక్కన 1,095 షిఫ్టులు ఉంటాయి. సర్టిఫికెట్ వచ్చిన మరునాడే గొట్టం చిట్లొచ్చు. దాన్ని పట్టుకోగలిగేది ఆ షిఫ్టు ఆపరేటరే. బొగ్గు గనులకు 2017లో కొత్త నిబంధనలు వచ్చాయి, వాటి అమలును ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ చూస్తుంది. అమెరికా బొగ్గు గనుల్లోనూ లోడు చేసే, మోసే యంత్రాన్ని పనిలో పెట్టకముందు తెలిసినవాళ్లు పరీక్షించాలని, భద్రతకు సంబంధించిన లోపాన్ని రాసి పైవాళ్లకు తెలపాలని నిబంధన ఉంది.

రోజూ చూడడంలో ఏం దొరుకుతుందో చెప్పడానికి హైడ్రా క్రేను ఇనుప తాడు మంచి ఉదాహరణ. తాడు మందానికి ఎనిమిది రెట్ల పొడవులో, పైకి కనబడే తెగిన తీగలు మొత్తం తీగల్లో పదో వంతు దాటితే ఆ తాడు వాడకూడదన్నది పని స్థలాల్లో పాటించే నియమం. 12 మిల్లీమీటర్ల తాడుకు ఎనిమిది రెట్లంటే 96 మిల్లీమీటర్లు, మన లెక్కలో బెత్తెడు. ఆరు పేటలు, పేటకు 36 తీగలుండే తాడులో మొత్తం 216 తీగలు. బెత్తెడు మేరలో 21 తీగలు తెగాయంటే తాడు హద్దుకు చేరినట్టే. ఇది చూడడానికి ప్రయోగశాల అక్కర్లేదు. మంచి వెలుతురు, చేతికి తోలు గ్లవుజు, తీరిగ్గా చూసే కళ్లు చాలు.

పదిహేను నిమిషాలు ఆపితే ఉత్పత్తి ఎంత పోతుంది?

న్యాయమైన ప్రశ్న. షిఫ్టు 480 నిమిషాలు. అందులో 15 నిమిషాలంటే వందకు మూడు, రూపాయికి మూడు పైసలు. ట్రిప్పుకు 20 నిమిషాలు పట్టే డంపర్‌కు ఈ సమయంలో పోయేది ఒక ట్రిప్పు కూడా కాదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. చూడని లోపం ముదిరి బండి ఒక్క షిఫ్టు ఆగిపోతే 480 నిమిషాలు పోతాయి. అంటే 32 షిఫ్టుల తనిఖీ సమయం ఒక్క దెబ్బకు పోయినట్టు. షిఫ్టుకు 20 ట్రిప్పులు వేసే బండి అయితే 1,800 టన్నులకు పైగా మోత ఆగిపోతుంది. అది హాల్ రోడ్డు మధ్యలో ఆగితే వెనక బండ్లు కూడా నిలిచిపోతాయి. 32 షిఫ్టుల్లో ఒక్క బ్రేక్‌డౌన్ తప్పించినా తనిఖీకి పెట్టిన సమయం తిరిగి వచ్చేసింది. మనిషి ప్రాణాన్ని ఈ లెక్కలో వేయనే లేదు, వేయకూడదు కూడా.

రిజిస్టరులో అన్నీ టిక్కులే ఉంటే సంతోషించాలా?

అనుమానించాలి. చెక్‌లిస్టులో 40 అంశాలున్నాయనుకోండి. 15 నిమిషాల్లో ఒక్కోదానికి 22 సెకన్లు వస్తాయి, చూడడానికి అది సరిపోతుంది. అదే కాగితం రెండు నిమిషాల్లో నిండితే ఒక్కోదానికి మూడు సెకన్లే. చేయి టిక్కు పెట్టింది, కన్ను చూడలేదు. నెలకు 30 రోజులు, రోజుకు మూడు షిఫ్టులు, ఒక్కో షిఫ్టుకు 40 గళ్లు అంటే 3,600 టిక్కులు. అన్ని టిక్కుల్లో ఒక్క లోపమైనా రాయలేదంటే, దుమ్ములో, ఎండలో, గతుకుల్లో తిరిగే యంత్రం విషయంలో అది నమ్మదగిన సంగతి కాదు.

లోపం రాస్తే ఏం జరుగుతుందన్నది ముందే తేలి ఉంటే కాగితం నిజం చెబుతుంది. లోపాలను మూడు రకాలుగా విడదీయడం మేలు. బ్రేకు, స్టీరింగ్, సీటు బెల్టు, రివర్స్ అలారం, నిప్పు నివారణ వంటివి మొదటి రకం: బాగయ్యేదాకా బండి కదలదు. పగటి షిఫ్టులో వెనక లైటు ఒకటి వెలగకపోవడం వంటిది రెండో రకం: చీకటి పడేలోగా బాగుచేయాలి. క్యాబిన్ తలుపు రబ్బరు అరగడం వంటిది మూడో రకం: తరవాతి సర్వీసులో చూస్తారు. ఈ పట్టిక యార్డులో అందరికీ కనబడేలా రాసి పెడితే ఆపరేటర్‌కూ షిఫ్టు ఇంచార్జికీ మధ్య వాదన ఉండదు.

కష్టం వచ్చేది ఇక్కడే. ఒక కాంట్రాక్టు డ్రైవరు బ్రేకు బాగాలేదని బండి ఆపాడనుకోండి. ఆ పూట అతని కూలి ఏమవుతుంది? మరునాడు అతనికి పని ఉంటుందా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరకని చోట ఎంత మంచి చెక్‌లిస్టు అయినా కాగితమే. బండి ఆపినవాడికి ఆ షిఫ్టు వేతనం పూర్తిగా ఇచ్చి, లోపం పట్టినందుకు మెచ్చుకునే చోట తనిఖీ నిజమవుతుంది. ఎన్ని పూటల కూలి ఇచ్చినా, ఒక్క ప్రమాదానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే అది తక్కువే.

యంత్రం బాగుంటే సరిపోతుందా?

నడిపే మనిషి కూడా తనిఖీలో భాగమే. వరసగా నైట్ షిఫ్టులు చేసి, పగలు పిల్లల అల్లరిలో, ఎండ వేడిలో మూడు గంటలే పడుకున్నవాడికి బ్రేకు ఎంత బాగున్నా సెకనున్నరలో కాలు చేరదు. ఇంకో సెకను ఆలస్యమైతే బండి మరో 27 అడుగులు ముందుకు పోతుంది. నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషికి చీకటి గది, కూలరు, నిశ్శబ్దం కల్పించడం కుటుంబం చేయగలిగిన భద్రతా పని. జ్వరం మందు మత్తునిస్తుంటే, తాగి ఉంటే, ఆ రోజు సీటు ఎక్కకపోవడమే సరైన నిర్ణయం.

జేసీబీ మన ఇంటికి వస్తే మనం ఏం చూడాలి?

మనం అద్దెకు పిలిచే జేసీబీ బరువు ఏడున్నర టన్నుల చుట్టూ ఉంటుంది. ఆపరేటర్‌ను పలకరించి నాలుగు సంగతులు అడగొచ్చు. బ్రేకు, రివర్స్ అలారం పనిచేస్తున్నాయా? లైసెన్సు, ఇన్సూరెన్సు ఉన్నాయా? తవ్వే చోట కరెంటు కేబుల్, నీటి పైపు ఉన్నాయేమో మనం చెప్పామా? పైన తీగలున్నాయా?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. వీధి దాటే 11 కేవీ లైను నేలకు కనీసం 6.1 మీటర్ల ఎత్తున ఉండాలి. పొలాల్లో, దారి లేని చోట 4.6 మీటర్లున్నా నియమానికి సరిపోతుంది, అంటే 15 అడుగులే. మట్టి దించడానికి ఎత్తిన టిప్పరు బాడీ 5 మీటర్లు దాటడం మామూలే. కాబట్టి తీగల కింద మట్టి దించనివ్వొద్దు. ఒకవేళ తీగ తగిలితే ఆపరేటర్ క్యాబిన్‌లోనే ఉండాలి, మిగతావాళ్లు పది మీటర్ల అవతలికి జరగాలి, 1912కు ఫోన్ చేసి లైను ఆపించాలి. బండికి మంట అంటుకుంటే మాత్రం బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ దగ్గర పెట్టి దూకి, కాళ్లు విడదీయకుండా చిన్న చిన్న గెంతులతో దూరం పోవాలి.

పిల్లలు చూడ్డానికి గుమిగూడతారు. వాళ్లను ఆపాల్సింది ఇంటివాళ్లే. జేసీబీ వెనక చేయి అటూ ఇటూ తిరిగే మేరకు సున్నంతో గీత గీసి, పని అయ్యేదాకా దాన్ని ఎవరూ దాటకుండా చూస్తే చాలు.

మొత్తానికి ఈ తనిఖీకి కావలసినవి ఖరీదైనవి కావు: 15 నిమిషాలు, ఒక గేజి, ఒక టార్చి, ఒక అట్టముక్క, ఒక కాగితం. వీటన్నిటికీ విలువ తెచ్చేది మాత్రం ‘ఈ బండి ఇవాళ నడవదు’ అని ఆపరేటర్ చెప్పినప్పుడు, ‘సరే, ఆపు’ అని పైవాడు అనడం. మీరు షిఫ్టు ఇంచార్జి అయినా, టిప్పర్ల యజమాని అయినా, ఒక పూటకు జేసీబీని పిలిచిన ఇంటివారైనా, ఆ పైవాడు మీరే.